ఒకే కంప్యూటర్‌లో రెండు డ్రైవ్‌లు, రెండు ఓఎస్‌లు: ఆన్ చేయగానే కావాల్సింది ఎంచుకోవడం ఎలా?

"కొత్త ఎస్ఎస్‌డీ వేయించి విండోస్ 11 ఎక్కించాం. పాత హార్డ్ డిస్క్‌లో విండోస్ 10 అలాగే ఉంది. ఆన్ చేస్తే ప్రతిసారీ పాతదే వస్తోంది. ఏం చేయాలి?" ఈ ప్రశ్న రకరకాలుగా మళ్లీ మళ్లీ వస్తోంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేశాక మరీ ఎక్కువైంది. పాత డ్రైవ్‌లో షాపు లెక్కలో, ప్రింటర్ సాఫ్ట్‌వేరో ఉంటుంది కాబట్టి దాన్ని వెంటనే తీసేయలేరు. ఇంజినీరింగ్ చదివే పిల్లలదైతే ఒక డ్రైవ్‌లో విండోస్, ఇంకోదాంట్లో ఉబుంటు (ఒక రకం లైనక్స్). అవసరాలు వేరైనా చేయాల్సిన పని ఒకటే.

ఏ ఓఎస్‌లోకి (ఆపరేటింగ్ సిస్టమ్, అంటే విండోస్, లైనక్స్ లాంటివి) వెళ్లాలో మూడు చోట్ల చెప్పొచ్చు. ఆన్ చేసిన వెంటనే ఒక కీ నొక్కితే వచ్చే బూట్ మెనూలో ఆ ఒక్కసారికి చెప్పొచ్చు. బయోస్ (ఓఎస్ కన్నా ముందే నడిచే, బోర్డు మీదుండే ప్రోగ్రామ్) లోపల డ్రైవ్‌ల వరుస మార్చి శాశ్వతంగా చెప్పొచ్చు. లేదంటే విండోస్‌దో లైనక్స్‌దో సొంత మెనూ ఉంటుంది, అందులో చెప్పొచ్చు. ఓఎస్‌లు వేర్వేరు డ్రైవ్‌లలో ఉన్నప్పుడు నేను గట్టిగా చెప్పేది ఒకటే: ప్రతి డ్రైవ్ తనంతట తాను స్టార్ట్ అయ్యేలా ఉంచుకోండి, ఎంపిక మాత్రం బయోస్ బూట్ మెనూలో చేయండి. ఒకదాని మెనూ మీద ఇంకోటి ఆధారపడితే, ఏదో ఒక రోజు ఆ డ్రైవ్ పోయినప్పుడు రెండూ ఆగిపోతాయి.

ఇప్పటి కంప్యూటర్లలో పాత బయోస్ స్థానంలో ఉండేది యూఈఎఫ్ఐ. కానీ అందరం బయోస్ అనే అంటాం కాబట్టి ఇక్కడా అలాగే రాస్తున్నాను.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- వైరుతో ఉన్న యూఎస్‌బీ కీబోర్డ్ (డెస్క్‌టాప్ అయితే). బ్లూటూత్ కీబోర్డ్ ఓఎస్ వచ్చేదాకా పనిచేయకపోవచ్చు. డాంగిల్ ఉన్న వైర్‌లెస్ కీబోర్డ్ సాధారణంగా పనిచేస్తుంది.
- ముఖ్యమైన ఫైళ్ల బ్యాకప్, ఈ రెండు డ్రైవ్‌లలో కాకుండా బయట ఇంకోచోట.
- బిట్‌లాకర్ (విండోస్ డ్రైవ్‌కి వేసే తాళం లాంటిది) రికవరీ కీ. ఎలా తీసుకోవాలో రెండో స్టెప్‌లో ఉంది.
- విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్, 8 జీబీ లేదా అంతకన్నా పెద్దది. అవసరం పడకపోవచ్చు, పడినప్పుడు దగ్గర లేకపోతే మాత్రం ఇంకో కంప్యూటర్ కోసం పరిగెత్తాల్సి వస్తుంది.
- ఫోన్. బయోస్‌లో ఏదైనా మార్చే ముందు ఆ స్క్రీన్ ఫొటో తీసుకోండి. తర్వాత ఏం మార్చామో గుర్తురాక టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ.

1. ఏ డ్రైవ్‌లో ఏముందో రాసుకోండి

విండోస్‌లోకి వెళ్లి, విండోస్ కీ, ఎక్స్ కలిపి నొక్కండి. వచ్చే జాబితాలో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింది సగంలో డిస్క్ 0, డిస్క్ 1 అని అడ్డంగా వరుసలు కనిపిస్తాయి. ఒక్కో వరుసలో ఎడమవైపు ఉన్న డిస్క్ పేరు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌కి వెళ్తే ఆ డ్రైవ్ మోడల్ పేరు వస్తుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. బయోస్‌లో మీకు సీ, డీ అని కనిపించవు, ఈ మోడల్ పేర్లే కనిపిస్తాయి.

అదే స్క్రీన్‌లో ఇంకోటి చూడండి. ఓఎస్ ఉన్న ప్రతి డిస్క్ వరుసలోనూ "ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్" అని చిన్న ముక్క ఉందా? విండోస్ తనంతట తాను చేసుకుంటే అది సాధారణంగా 100 ఎంబీ ఉంటుంది. స్టార్ట్ అవడానికి కావాల్సిన ఫైళ్లు ఉండేది అందులోనే. ఒక డిస్క్‌లో యూఈఎఫ్ఐ మోడ్‌లో నడిచే విండోస్ (మోడ్ ఎలా చూడాలో కింద ఉంది) ఉండి ఈ ముక్క లేకపోతే, అది స్టార్ట్ అవడానికి పక్క డిస్క్‌ను వాడుకుంటోందన్నమాట. ఆ విషయం కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి, నాలుగో స్టెప్‌లో పనికొస్తుంది.

తర్వాత విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఎంఎస్ఇన్ఫో32 అని ఇంగ్లీష్‌లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. "బయోస్ మోడ్" ఎదురుగా యూఈఎఫ్ఐ అనో లెగసీ (పాత బయోస్ పద్ధతి) అనో ఉంటుంది. రెండు ఓఎస్‌లలోనూ ఇది చూసుకోవాలి. ఒకటి యూఈఎఫ్ఐ, ఇంకోటి లెగసీ అయితే బయోస్‌లో సీఎస్ఎం అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటేనే లెగసీది కనిపిస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఆ సెట్టింగే ఉండదు. అలాంటప్పుడు పాత డ్రైవ్‌లోని ఫైళ్లు చదువుకోవచ్చు గానీ దాని నుంచి స్టార్ట్ చేయలేరు.

2. బిట్‌లాకర్ కీ చేతిలో ఉందో లేదో చూసుకోండి

దయచేసి ఈ స్టెప్ దాటేయకండి. బయోస్‌లో బూట్ వరుస గానీ సెక్యూర్ బూట్ (నమ్మకమైన ఓఎస్‌నే స్టార్ట్ కానిచ్చే సెట్టింగ్) గానీ మార్చినప్పుడు విండోస్‌కి అనుమానం వచ్చి, నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. "మేమెప్పుడూ బిట్‌లాకర్ పెట్టలేదు" అని చాలామంది అంటారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసిన ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో అది తనంతట తానే ఆన్ అయి ఉండొచ్చు. విండోస్ 11 24హెచ్2 కొత్తగా ఎక్కించినవాళ్లకు ఇది మరీ మామూలు.

మైక్రోసాఫ్ట్ అకౌంట్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి, డివైసెస్‌లో మీ కంప్యూటర్ పేరు కింద బిట్‌లాకర్ కీ ఉందేమో చూడండి. ఉంటే కాగితం మీద రాసుకోండి, ఆ కంప్యూటర్‌లోనే సేవ్ చేస్తే ఉపయోగం లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ పేజీ కనిపిస్తుంటే, మార్పులు చేసే ముందు "సస్పెండ్ ప్రొటెక్షన్" నొక్కి, పని అయ్యాక "రెజ్యూమ్" చేయడం ఇంకా మంచిది.

3. ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి

విండోస్‌లో షట్ డౌన్ కొట్టినా అది పూర్తిగా ఆగదు. ఫాస్ట్ స్టార్టప్ వల్ల సిస్టమ్‌లో కొంత భాగాన్ని హైబర్నేట్ చేసి (డిస్క్ మీద దాచిపెట్టి) పడుకుంటుంది. విండోస్ 8 నుంచి ఇలాగే ఉంది. ఒక్క ఓఎస్ ఉన్నవాళ్లకు దీంతో ఇబ్బంది లేదు. మీకు మాత్రం నష్టం: సగం పడుకున్న విండోస్ డ్రైవ్‌లోకి రెండో ఓఎస్ నుంచి వెళ్లి ఫైళ్లు మారిస్తే డేటా పాడవుతుంది. లైనక్స్ అయితే ఆ డ్రైవ్‌ను చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవనంటుంది.

కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లండి. ఎడమవైపు "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ" నొక్కండి. పైన "చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవైలబుల్" అనే లింక్ నొక్కితే కింద ఉన్న గడులు పనిచేస్తాయి. "టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్" దగ్గర టిక్ తీసేసి సేవ్ చేయండి. రెండు డ్రైవ్‌లలోనూ విండోసే ఉంటే రెండింటిలోనూ చేయాలి. కొన్నిసార్లు పెద్ద అప్‌డేట్ తర్వాత ఈ టిక్ మళ్లీ వచ్చేస్తుంది కాబట్టి అప్పుడప్పుడూ చూసుకుంటూ ఉండండి.

ఎవరైనా ఒక ఓఎస్‌ను హైబర్నేట్ చేసి రెండోదాంట్లోకి వెళ్తుంటే అది కూడా మానేయాలి. కారణం అదే.

4. కొత్తగా ఎక్కించేటప్పుడు రెండో డ్రైవ్ తీసేసి ఎక్కించండి

ఓఎస్‌లు ఇప్పటికే ఎక్కించేసి, ఒకటో స్టెప్‌లో ప్రతి డిస్క్‌కీ సొంత ఈఎఫ్ఐ ముక్క కనిపిస్తే ఐదో స్టెప్‌కి వెళ్లిపోవచ్చు. ఇంకా ఎక్కించనివాళ్లు మాత్రం ఇక్కడ ఆగండి. నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇక్కడ జరిగిన పొరపాటు వల్లే.

కంప్యూటర్‌లో పాత డ్రైవ్ ఉండగా కొత్త డ్రైవ్‌లో విండోస్ ఎక్కిస్తే, ఇన్‌స్టాలర్ పాత డ్రైవ్‌లో ఈఎఫ్ఐ పార్టిషన్ కనిపించగానే స్టార్టప్ ఫైళ్లను అందులోనే పెట్టేస్తుంది. మీరు కొత్త డ్రైవ్‌ను ఎంచుకున్నా సరే. అంతా బాగానే నడుస్తున్నట్టు ఉంటుంది. ఏడాది తర్వాత పాత హార్డ్ డిస్క్ పాడై తీసేస్తే, కొత్త ఎస్ఎస్‌డీలోని విండోస్ కూడా లేవదు. పాత ఉబుంటు ఇన్‌స్టాలర్‌తోనూ ఇదే ఇబ్బంది: బూట్ లోడర్ (ఓఎస్‌ను స్టార్ట్ చేసే ప్రోగ్రామ్) ఏ డ్రైవ్‌లో పెట్టాలో మీరు చెప్పినా, మొదట కనిపించిన ఈఎఫ్ఐ పార్టిషన్‌లో పెట్టేది.

అందుకని:

- డెస్క్‌టాప్ అయితే కరెంటు పూర్తిగా ఆపి, పాత డ్రైవ్ సాటా కేబుల్ పీకేయండి. ఎం.2 డ్రైవ్ అయితే స్క్రూ తీసి బయట పెట్టండి. తర్వాత కొత్తదాంట్లో ఓఎస్ ఎక్కించి, అది ఒక్కటే ఉండగా ఒకసారి స్టార్ట్ చేసి చూసి, అప్పుడు పాతది మళ్లీ తగిలించండి.
- ల్యాప్‌టాప్ విప్పడం ఇష్టం లేకపోతే బయోస్‌లో చూడండి. కొన్నిటిలో ఒక్కో డ్రైవ్‌ను లేదా ఒక్కో సాటా పోర్ట్‌ను ఆఫ్ చేసే వీలుంటుంది. ఆఫ్ చేసి, ఎక్కించి, మళ్లీ ఆన్ చేయండి.
- షాపులో చేయిస్తుంటే, "పాత డ్రైవ్ తీసేసి ఎక్కించండి" అని ముందే చెప్పండి. వాళ్లకు ఐదు నిమిషాల అదనపు పని, మీకు తర్వాత తలనొప్పి ఉండదు.

పాత డ్రైవ్‌ను క్లోన్ చేసి (ఉన్నదున్నట్టు మొత్తం కాపీ చేసి) కొత్తదాంట్లోకి మార్చుకున్నవాళ్లు కూడా మొదటిసారి పాతది తీసేసి కొత్తదాంతోనే స్టార్ట్ చేయాలి. క్లోన్ చేసిన రెండు డ్రైవ్‌లకూ ఒకే గుర్తు ఉంటుంది. రెండూ తగిలించి ఉంటే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేయొచ్చు, లేదా మీరు ఏ డ్రైవ్‌లో ఉన్నారో మీకే తెలియకుండా పోతుంది.

ఇప్పటికే ఎక్కించేశారు, కొత్త డిస్క్‌లో ఈఎఫ్ఐ ముక్క లేదు, అప్పుడెలా? బీసీడీబూట్ అనే విండోస్ టూల్‌తో సరిచేయొచ్చు గానీ దానికి ముందు పార్టిషన్లు కుదించి కొత్తది చేయాలి. అలవాటు లేనివాళ్లకు నేను ఆ దారి చెప్పను. కొత్త విండోస్‌లో ఇంకా పెద్దగా ఏమీ పెట్టుకోకపోతే, పాత డ్రైవ్ తీసి మళ్లీ ఎక్కించుకోవడమే మేలు. అప్పటిదాకా పాత డ్రైవ్ ఫార్మాట్ చేయకండి.

5. బూట్ మెనూ తెరవండి

కంప్యూటర్ పూర్తిగా ఆఫ్‌లో ఉండాలి. పవర్ బటన్ నొక్కిన వెంటనే, కంపెనీ లోగో కోసం ఎదురుచూడకుండా, మీ కంప్యూటర్ బూట్ మెనూ కీని సెకనుకు ఒకటి రెండుసార్లు చొప్పున నొక్కుతూ ఉండండి. లోగో కనిపించాక మొదలుపెడితే చాలాసార్లు ఆలస్యమైపోతుంది.

- డెల్: ఎఫ్12
- లెనోవో: ఎఫ్12. కొన్ని మోడళ్లలో పక్కన చిన్న రంధ్రంలో నోవో బటన్ ఉంటుంది, ఆఫ్‌లో ఉండగా పిన్నుతో దాన్ని నొక్కినా మెనూ వస్తుంది.
- హెచ్‌పీ: ఎస్కేప్ నొక్కి, వచ్చిన జాబితాలో ఎఫ్9
- ఆసుస్ ల్యాప్‌టాప్: ఎస్కేప్. ఆసుస్ మదర్‌బోర్డ్ ఉన్న డెస్క్‌టాప్: ఎఫ్8
- ఏసర్: ఎఫ్12. ముందుగా ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి "ఎఫ్12 బూట్ మెనూ"ను ఎనేబుల్ చేయాల్సి రావచ్చు.
- ఎంఎస్ఐ, ఏఎస్‌రాక్ బోర్డులు: ఎఫ్11
- గిగాబైట్ బోర్డు: ఎఫ్12

మ్యాక్ వాడేవాళ్లకు: ఆపిల్ చిప్ ఉన్నవాటిలో ఆఫ్ చేసి, స్టార్టప్ ఆప్షన్లు వస్తున్నాయని కనిపించేదాకా పవర్ బటన్ నొక్కిపట్టాలి. ఇంటెల్ మ్యాక్‌లో ఆన్ చేసిన వెంటనే ఆప్షన్ కీ నొక్కిపట్టాలి.

మెనూ వచ్చాక జాబితా జాగ్రత్తగా చదవండి. "విండోస్ బూట్ మేనేజర్" అని ఉంటే విండోస్, "ఉబుంటు" అని ఉంటే ఉబుంటు. రెండు డ్రైవ్‌లలోనూ విండోస్ ఉంటే "విండోస్ బూట్ మేనేజర్" రెండుసార్లు కనిపిస్తుంది. చాలా బోర్డుల్లో పక్కనే డ్రైవ్ మోడల్ పేరు ఉంటుంది, మీరు రాసుకున్న కాగితంతో పోల్చుకోండి. పేరు లేకపోతే ఒకటి ఎంచుకుని ఏది వచ్చిందో చూసి, "పైది కొత్తది, కిందిది పాతది" అని కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది.

కొన్నిసార్లు ఒకే డ్రైవ్ రెండు రూపాల్లో ఉంటుంది: ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నదొకటి, ఉత్త డ్రైవ్ పేరుతో ఇంకొకటి. ఒకటో స్టెప్‌లో ఆ ఓఎస్ మోడ్ యూఈఎఫ్ఐ అని వస్తే మొదటిదే ఎంచుకోండి. రెండోది ఎంచుకుంటే "బూట్ డివైస్ లేదు" అనే అర్థంలో ఏదో మెసేజ్ వస్తుంది. డ్రైవ్ పాడైందని భయపడకండి, రీస్టార్ట్ చేసి సరైనది ఎంచుకుంటే చాలు.

కీ ఎంత నొక్కినా మెనూ రావడం లేదా?

ల్యాప్‌టాప్‌లో అయితే ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కి చూడండి. పై వరుస కీలు సౌండ్, బ్రైట్‌నెస్‌కి కేటాయించి ఉంటే ఉత్త ఎఫ్12 పనిచేయకపోవచ్చు. డెస్క్‌టాప్‌లో కీబోర్డ్‌ను హబ్‌కి కాకుండా నేరుగా వెనక ఉన్న పోర్ట్‌కి పెట్టండి. మానిటర్ నిదానంగా వెలిగేదైతే మెనూ వచ్చి వెళ్లిపోయాకే మీకు బొమ్మ కనిపిస్తుంది. అప్పుడు మానిటర్ ముందే ఆన్ చేసి ఉంచి, సీపీయూను రీస్టార్ట్ చేయండి. బయోస్‌లో "ఫాస్ట్ బూట్" అని ఇంకోటి ఉంటుంది, మూడో స్టెప్‌లో చెప్పిన ఫాస్ట్ స్టార్టప్‌కీ దీనికీ సంబంధం లేదు. అది ఆన్‌లో ఉంటే కొన్ని బోర్డులు కీబోర్డ్‌ను గుర్తించకుండానే ముందుకు పోతాయి. దాన్నీ ఆపేయండి.

ఇవేవీ కుదరకపోతే కీలతో పనిలేని దారి ఉంది. విండోస్‌లోకి వెళ్లి, స్టార్ట్ మెనూలో షిఫ్ట్ కీ నొక్కిపట్టి రీస్టార్ట్ మీద క్లిక్ చేయండి. నీలం స్క్రీన్ వస్తుంది. అందులో "యూజ్ ఎ డివైస్" నొక్కితే బూట్ మెనూలో ఉండే పేర్లే ఇక్కడా కనిపిస్తాయి, కావాల్సింది ఎంచుకోండి. బయోస్‌లోకే వెళ్లాలంటే అదే స్క్రీన్‌లో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. చేతులు త్వరగా కదలని పెద్దవాళ్లకు నేను ఈ దారే చెబుతాను. లెగసీ మోడ్‌లో ఉన్న విండోస్‌లో మాత్రం ఈ ఆప్షన్లు కనిపించవు.

6. ఎక్కువగా వాడేది శాశ్వతంగా ముందు పెట్టండి

రోజూ వాడేది ఒకటి, ఎప్పుడో ఒకసారి వాడేది ఇంకోటి అయితే, రోజూ వాడేదాన్ని బయోస్ వరుసలో మొదట పెట్టేయండి. రెండోది కావాల్సిన రోజు మాత్రం ఐదో స్టెప్.

బయోస్‌లోకి వెళ్లే కీ డెల్, ఏసర్, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవో థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1, డెస్క్‌టాప్ మదర్‌బోర్డులు చాలావాటిలో డిలీట్. లోపల బూట్ అనే పేజీలో "బూట్ ఆర్డర్" లేదా "బూట్ ఆప్షన్ 1" అని ఉంటుంది. కావాల్సిన డ్రైవ్‌ను పైకి తెచ్చి, ఎఫ్10 నొక్కి సేవ్ చేసి బయటికి రండి. సేవ్ చేయకుండా ఎస్కేప్ కొట్టి వచ్చేసి "మార్చినా మారలేదు" అనుకునేవాళ్లు చాలామంది.

డెస్క్‌టాప్ బోర్డుల్లో ఇంకో చిక్కు ఉంది. బూట్ ఆప్షన్ జాబితాలో మీ రెండో డ్రైవ్ పేరే కనిపించకపోవచ్చు. ఒక రకానికి చెందిన డ్రైవ్‌లలో మొదటిదాన్నే అక్కడ చూపించే బోర్డులున్నాయి. అదే పేజీలో కాస్త కిందికి వెళ్తే "హార్డ్ డిస్క్ బీబీఎస్ ప్రయారిటీస్" లాంటి పేరుతో ఇంకో జాబితా ఉంటుంది. అందులోకి వెళ్లి కావాల్సిన డ్రైవ్‌ను పైకి తెస్తే, బయట జాబితాలో కూడా దాని పేరు వస్తుంది.

ఈ పేజీలో ఉన్నప్పుడు పక్కనున్న వేరే సెట్టింగ్‌లు కదపకండి. ముఖ్యంగా సాటా మోడ్, వీఎండీ, ఆర్ఎస్‌టీ అని ఉన్నవి (డ్రైవ్‌లు ఓఎస్‌కి ఎలా కనిపించాలో నిర్ణయించే సెట్టింగ్‌లు). ఉబుంటు ఇన్‌స్టాలర్‌కి డ్రైవ్ కనిపించడం లేదని వీఎండీ ఆపేస్తే, ఉబుంటు ఎక్కుతుంది గానీ ఉన్న విండోస్ నీలం స్క్రీన్‌తో ఆగిపోవచ్చు. అలా జరిగితే ఆ సెట్టింగ్‌ను పాత స్థితికి మార్చండి, విండోస్ మళ్లీ వస్తుంది.

7. ప్రతిసారీ మెనూ కావాలనుకునేవాళ్లకు

రెండూ సమానంగా వాడతాం, ఆన్ చేసిన ప్రతిసారీ అడగాలి అంటే రెండు దారులున్నాయి.

*రెండూ విండోస్ అయితే:* విండోస్ కీ, ఆర్ నొక్కి ఎంఎస్‌కాన్ఫిగ్ అని టైప్ చేయండి. బూట్ ట్యాబ్‌లో రెండు విండోస్‌లూ కనిపిస్తే, ఒకదాన్ని డిఫాల్ట్‌గా పెట్టి, టైమ్‌అవుట్ 10 సెకన్లు పెట్టుకోండి. మామూలుగా అది 30 ఉంటుంది. నాలుగో స్టెప్‌లో చెప్పినట్టు విడివిడిగా ఎక్కించిన డ్రైవ్‌లైతే ఇక్కడ ఒక్కటే కనిపిస్తుంది, అది తప్పేమీ కాదు. నాకైతే ఈ మెనూ నచ్చదు. డిఫాల్ట్ కానిదాన్ని ఎంచుకుంటే కంప్యూటర్ మళ్లీ మొదటి నుంచి రీస్టార్ట్ అవుతుంది, పైగా రెండు డ్రైవ్‌లనూ ఒకదానికొకటి ముడిపెడుతుంది.

*ఒకటి లైనక్స్ అయితే:* లైనక్స్ ఉన్న డ్రైవ్‌ను బయోస్‌లో ముందు పెట్టండి. గ్రబ్ (లైనక్స్ సొంత బూట్ లోడర్) మెనూ వస్తుంది, అందులో విండోస్ కూడా ఉంటుంది. విండోస్ డ్రైవ్‌లో దాని స్టార్టప్ ఫైళ్లు దానికి ఉంటాయి కాబట్టి, రేపు లైనక్స్ డ్రైవ్ తీసేసినా విండోస్‌కి ఏమీ కాదు.

గ్రబ్‌లో విండోస్ కనిపించకపోతే కారణం సాధారణంగా ఒకటే. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి మిగతా ఓఎస్‌లను వెతకడం మామూలుగా ఆపేసి ఉంటుంది. ఈటీసీ ఫోల్డర్‌లో డిఫాల్ట్ అనే ఫోల్డర్, అందులో గ్రబ్ అనే ఫైల్ ఉంటాయి. ఆ ఫైల్‌ను అడ్మిన్ హక్కులతో తెరిచి, గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్ అనే వరుస వెతకండి. వరుస ముందు హ్యాష్ గుర్తు ఉంటే తీసేసి, విలువ ఫాల్స్ అని పెట్టండి. వరుసే లేకపోతే కొత్తగా రాయండి, పేరంతా ఇంగ్లీష్ పెద్ద అక్షరాల్లో. సేవ్ చేసి, టెర్మినల్‌లో సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. ఆ కమాండ్ నడిచేటప్పుడు "విండోస్ బూట్ మేనేజర్" దొరికినట్టు ఒక వరుస కనిపించాలి. అది కనిపిస్తే మెనూలోనూ వస్తుంది.

అదే ఫైల్‌లో గ్రబ్_డిఫాల్ట్ ఎదురుగా సేవ్డ్ అనీ, గ్రబ్_సేవ్‌డిఫాల్ట్ ఎదురుగా ట్రూ అనీ పెడితే, చివరిసారి ఎంచుకున్న ఓఎస్సే తర్వాతిసారి తనంతట తాను వస్తుంది. నాలుగు రోజులు వరుసగా విండోస్‌లో పనిచేసేవాళ్లకు ఇది చాలా సౌకర్యం.

8. సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఒకటి, స్టార్ట్ అయిన విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. సీ డ్రైవ్ మీద "బూట్" అనే మాట ఏ డిస్క్ వరుసలో ఉందో చూడండి. మీరిప్పుడు నడుపుతున్న విండోస్ ఆ డిస్క్‌లోదే. సీ అనే అక్షరాన్ని చూసి నిర్ణయించకండి. ఏ విండోస్‌లోకి వెళ్లినా అది తనను తాను సీ అనే చెప్పుకుంటుంది, పక్కదాన్ని డీ అనో ఈ అనో చూపిస్తుంది. ఇది తెలియక, "పాత విండోస్ సీలో ఉందిగా" అని పనిచేస్తున్నదాన్నే తుడిచేసినవాళ్లున్నారు. దీనికి సులువైన జాగ్రత్త: రెండు ఓఎస్‌లలో వాల్‌పేపర్ రంగులు వేరుగా పెట్టండి, డ్రైవ్‌ల పేర్లను "విండోస్11 కొత్తది", "విండోస్10 పాతది" అని మార్చుకోండి.

రెండు, పూర్తిగా షట్ డౌన్ చేసి, ఏ కీ నొక్కకుండా ఆన్ చేయండి. ఆరో స్టెప్‌లో ముందు పెట్టినదే రావాలి.

మూడు, అసలైన పరీక్ష. కరెంటు తీసేసి, ఒక డ్రైవ్ కేబుల్ పీకి, రెండోది ఒక్కటే స్టార్ట్ అవుతుందో లేదో చూడండి. తర్వాత అటుదిటు మార్చి చూడండి. రెండూ ఒంటరిగా లేస్తే మీ సెటప్ గట్టిది. ఏదైనా లేవకపోతే ఇప్పుడే తెలిసింది కాబట్టి మంచిదే, నాలుగో స్టెప్‌కి వెళ్లండి.

తర్వాత వచ్చే ఇబ్బందులు

*ఓఎస్ మారినప్పుడల్లా గడియారం ఐదున్నర గంటలు తప్పుతోంది.* బోర్డు మీదున్న గడియారాన్ని విండోస్ మన స్థానిక సమయంగా చదువుతుంది, లైనక్స్ అంతర్జాతీయ సమయంగా చదువుతుంది. మనకీ దానికీ తేడా సరిగ్గా 5:30. లైనక్స్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని ఇస్తే అదీ స్థానిక సమయమే వాడుతుంది. అమెరికా, బ్రిటన్‌లలో ఉండేవాళ్లకు మాత్రం ఏడాదిలో రెండుసార్లు గంట మారేటప్పుడు మళ్లీ తేడా రావచ్చు.

*విండోస్ అప్‌డేట్ తర్వాత గ్రబ్ మెనూ మాయమైంది.* గ్రబ్ పోలేదు. వరుసలో విండోస్ బూట్ మేనేజర్ ముందుకొచ్చి ఉంటుంది. ఆరో స్టెప్ మళ్లీ చేయండి. లైనక్స్ మళ్లీ ఎక్కించాల్సిన పని లేదు.

*వరుస ఎన్నిసార్లు మార్చినా మళ్లీ మొదటికొస్తోంది, తేదీ కూడా వెనక్కి పోతోంది.* బోర్డు మీదున్న నాణెం బ్యాటరీ అయిపోయింది. డెస్క్‌టాప్‌లలో సాధారణంగా సీఆర్2032. రాత్రిపూట గోడ దగ్గర స్విచ్ ఆపేసే ఇళ్లలో ఇది త్వరగా బయటపడుతుంది. కొత్తది వేసి, తేదీ, వరుస మళ్లీ పెట్టండి.

*"ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని విండోస్ అడుగుతోంది.* చేయకండి. అది మీ లైనక్స్ పార్టిషన్. విండోస్‌కి చదవడం రాదు కాబట్టి అలా అడుగుతోంది. క్యాన్సిల్ కొట్టి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ పార్టిషన్‌కి ఇచ్చిన అక్షరాన్ని తీసేయండి, మళ్లీ అడగదు. అక్షరం తీసేయడం వేరు, "డిలీట్ వాల్యూమ్" వేరు. రెండోది నొక్కకండి.

*పాత డ్రైవ్‌లో ఇక పని లేదు, ఖాళీ చేసి ఫైళ్లకు వాడుకోవాలి.* ముందు దాని కేబుల్ పీకి, కొత్తదాంతో ఓ వారం పనిచేయండి. ప్రింటర్, షాపు సాఫ్ట్‌వేర్, పాత ఫొటోలు, అన్నీ ఉన్నాయని నమ్మకం కుదిరాక మళ్లీ తగిలించండి. కొత్త విండోస్‌లోకి వెళ్లి, "బూట్" అనే మాట కొత్త డిస్క్ వరుసలోనే ఉందని ఇంకోసారి చూసుకుని, అప్పుడు పాత డిస్క్ పార్టిషన్లు తీసేయండి. ఈఎఫ్ఐ పార్టిషన్‌ను డిస్క్ మేనేజ్‌మెంట్ తీయనివ్వకపోతే వదిలేయండి. అది 100 ఎంబీయే, ఉన్నా నష్టం లేదు.